గ్లాసు వైన్ ఏది ఇవ్వాలి? అనంతపురం కెప్టెన్‌ని అందరూ అడిగే ప్రశ్నలు

నేను అనంతపురంలో బార్ ఉన్న ఒక రెస్టారెంట్‌లో కెప్టెన్‌గా, అంటే సర్వర్ల మీద పెద్దగా పనిచేస్తున్నా, అంతకుముందు కొన్నేళ్లు బెంగళూరులో చేశా. కొత్తగా చేరిన పిల్లలు రోజూ అడిగే ప్రశ్నలు, టేబుల్ మీద గెస్టులు అడిగేవి కలిపి ఒకచోట రాసిపెట్టా. మళ్లీ మళ్లీ చెప్పే ఓపిక నాకు తగ్గిపోతోంది, అదీ సంగతి.

మన ఊళ్లో వైన్ ఎవరు తాగుతారన్నా?

ముందు ఆ మాటతోనే తంటా. మన దగ్గర "వైన్స్‌కు పోయొస్తా" అంటే బ్రాందీ షాపుకని అర్థం, ఆ షాపులో వైన్ తప్ప అన్నీ ఉంటాయి. అందుకే "వైన్ తీసుకుంటారా సార్" అని అడిగితే కొందరు "ఏ బ్రాండ్ ఉంది?" అని విస్కీ పేర్లు మొదలుపెడతారు. "ద్రాక్ష వైన్, గ్లాసు లెక్కన ఉంది సార్" అని విడమరిచి చెప్పండి, గొడవ ఉండదు.

ఇక తాగేవాళ్లంటారా, ఉన్నారు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చాక కొరియా వాళ్లు, వాళ్లకు విడిభాగాలు చేసే కంపెనీల వాళ్లు వస్తున్నారు. సోలార్ ప్లాంట్ల పని మీద వచ్చే ఇంజినీర్లున్నారు. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతూ రాత్రికి ఇక్కడ ఆగే కుటుంబాలున్నాయి. అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చి అన్నదమ్ములను భోజనానికి తీసుకొచ్చేవాళ్లున్నారు. ఆ చివరి టేబుల్లో నలుగురు విస్కీ చెప్పి, ఒక వదినమ్మో మరదలో "నాకేమైనా తేలికది" అంటుంది చూడండి, గ్లాసు వైన్ అసలు గిరాకీ ఆమే. ఆమెను పట్టించుకోకుండా కూల్‌డ్రింక్ పెట్టేసి వచ్చే సర్వర్లను చాలామందిని చూశా.

బాటిలే అమ్మొచ్చు కదా, గ్లాసు లెక్కన ఎందుకు?

బాటిల్ 750 మిల్లీలీటర్లు. గ్లాసుకు 150 పోస్తే ఐదు గ్లాసులు. భార్యాభర్తలిద్దరు వచ్చారనుకోండి, ఒకరు చేప తింటారు, ఇంకొకరు మటన్ తింటారు, ఇద్దరికీ ఒకే బాటిల్ అంటగట్టడం దేనికి? అదీగాక ఎప్పుడూ తాగనివాళ్లు బాటిల్ డబ్బులు పెట్టి ప్రయోగం చేయరు, ఒక గ్లాసైతే చేస్తారు. నచ్చితే వచ్చేసారి బాటిలే అడుగుతారు.

గెస్టును మొదట ఏమని అడగాలి?

"రెడ్డా వైటా" అని మాత్రం అడగొద్దు. తెలియనివాళ్లు ఆ ప్రశ్నకు భయపడి, సినిమాల్లో చూసింది గుర్తొచ్చి "రెడ్" అనేస్తారు, తర్వాత ఆ వగరు తట్టుకోలేక గ్లాసు అలాగే వదిలేస్తారు.

రెండే ప్రశ్నలు. ఏం తింటున్నారు? తీపి తగలాలా, వద్దా? ఈ రెండింటికీ ఎవరైనా జవాబు చెప్పగలరు. నేను ఇంకోటి కూడా అడుగుతా, "సార్, మీరు టీ ఎట్లా తాగుతారు?" అని. చక్కెర లేకుండా డికాక్షన్ తాగే మనిషికి వగరు ఉన్న రెడ్ ధైర్యంగా ఇస్తా, పాలు చక్కెర బాగా పడాలనేవాళ్లకు కాస్త తీపి ఉన్న వైట్ ఇస్తా. ఇది ఏ పుస్తకంలోదీ కాదు, నా లెక్క, ఎక్కువసార్లు కుదిరింది.

ఆ తర్వాత రెండే పేర్లు చెప్పండి. ఆరు పేర్లు గడగడా అప్పజెప్పితే గెస్టు చివరిది పట్టుకుంటాడు, అది నచ్చి కాదు, చెవిలో మిగిలింది అదొక్కటే కాబట్టి.

డ్రై, టానిన్, బాడీ... ఇవన్నీ తెలుగులో ఎట్లా చెప్పాలి?

మనకున్నన్ని రుచుల మాటలు ఇంకెవరికున్నాయప్పా! ఉగాది పచ్చడి తినే జాతి మనది. డ్రై అంటే తీపి లేదని, అంతే. ఆ మాట వాడితే నీళ్లు కలపకుండా తాగేదేమో అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు, కాబట్టి "తీపి ఉండదు" అనండి. టానిన్ అంటే వగరు, పచ్చి అరటికాయ కొరికినప్పుడు, నేరేడు పండ్లు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఉంటుందే, అది. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది. రెడ్ వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు, వైట్‌కు ముందే రసం పిండేస్తారు, అందుకే వగరు రెడ్‌లోనే ఎక్కువ. అసిడిటీ అంటే పులుపు. దాన్ని కడుపులో మంట అనుకునే ప్రమాదం ఉంది, ఆ ఇంగ్లీషు మాట టేబుల్ దగ్గర అసలు వాడొద్దు. బాడీ అంటే పలచనా చిక్కనా అని. మజ్జిగకూ గడ్డపెరుగుకూ నోట్లో ఎంత తేడా ఉంటుందో, అదే.

వాసనలు చెప్పేటప్పుడు కూడా ఇక్కడి వాళ్లకు తెలిసినవే చెప్పండి. సావిన్యాన్ బ్లాంక్ అనే వైట్‌లో పచ్చిగడ్డి, క్యాప్సికం, జామకాయ లాంటి వాసన వస్తుంది. షిరాజ్ అనే రెడ్‌లో నల్లటి పండ్ల వాసనతోపాటు మిరియాల ఘాటు ఉంటుంది, మిరియాల్లో ఉండే రోటండోన్ అనే పదార్థమే ఆ ద్రాక్ష తొక్కలోనూ ఉంటుంది కాబట్టి అది ఊహ కాదు, నిజంగా ఉన్నదే. షెనిన్ బ్లాంక్ అనే ఇంకో వైట్‌కు యాపిల్, తేనె. "బ్లాక్‌కరెంట్, సెడార్" అని లేబుల్ వెనక రాసింది చదివి వినిపిస్తే మన గెస్టు నీ మొహం చూస్తాడు, వాటిని ఆయనా చూడలేదు, నువ్వూ చూడలేదు.

రాయలసీమ కారానికి వైన్ పనికొస్తుందా?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. పనికొస్తుంది, కానీ ఏది పడితే అది కాదు.

మిరపకాయలో మంట పుట్టించేది క్యాప్సైసిన్. ఆల్కహాల్ ఎక్కువగా ఉన్న వైన్ తాగితే ఆ మంట ఇంకా పెరిగినట్టు అనిపిస్తుంది, వగరు తోడైతే నోరు మరీ గరగరలాడుతుంది. తీపి, చల్లదనం మంటను తగ్గిస్తాయి. ఒకసారి ఒకాయన చికెన్ వేపుడు బాగా కారంగా చేయించుకుని, మీద 14 శాతం ఆల్కహాల్ ఉన్న కాబర్నే సావిన్యాన్ అనే రెడ్ చెప్పాడు. నేను కొత్త, ఖరీదైనది చెప్పాడు కదా అని సంబరంగా పోసేశా. రెండు గుటకలకు "ఏందిది, మండుతాంది, చెడిపోయిందా?" అన్నాడు. వైన్ బాగానే ఉంది, చెడగొట్టింది నేను. ఆ కూరకు కొంచెం తీపి ఉన్న షెనిన్ బ్లాంక్ బాగా చల్లగా ఇచ్చి ఉంటే ఇంకో గ్లాసు అడిగేవాడు.

రాగి సంగటి, నాటుకోడి పులుసుకు నేను "రోజే" అనే గులాబీ రంగు వైన్ ఇస్తా. రెడ్‌లోని పండు రుచి కొంత ఉంటుంది, వగరు తక్కువ, చల్లగా తాగొచ్చు. జిన్‌ఫాండెల్ రోజేలు కొన్ని కాస్త తీపిగా ఉంటాయి, కారానికి అవే బాగా కుదురుతాయి.

గోంగూర మటన్ దగ్గర అసలు పరీక్ష. మటన్ అనగానే రెడ్ అంటారు, కానీ ఆ గిన్నెలో రాజు గోంగూర. తిండిలో పులుపు ఎక్కువైతే వైన్‌లోనూ అంతే పులుపు ఉండాలి, లేకపోతే వైన్ చప్పగా, నీళ్లలా అయిపోతుంది. అందుకే సావిన్యాన్ బ్లాంక్ ఇస్తా. మటన్‌కు వైటా అని ముఖం చిట్లించిన వాళ్లకు ఒక గుటక రుచి చూపించండి, వాదించొద్దు. చింతపండు చేపల పులుసుకూ ఇదే.

పొట్టేలు మాంసం మిరియాలు వేసి వేపితే, కొవ్వు కాస్త ఉంటే, అప్పుడు షిరాజ్ తీయండి. వగరు మాంసంలోని ప్రొటీన్లను, కొవ్వును పట్టుకుంటుంది, నోరు శుభ్రమవుతుంది, ముక్క మీద ముక్క పోతుంది. తందూరీకీ, కబాబులకూ ఇదే ఇస్తా. మిరపకాయ బజ్జి లాంటి నూనె సరుకుకు బుడగలొచ్చే స్పార్క్లింగ్ బాగుంటుంది, బుడగలూ పులుపూ కలిసి నూనెను కడిగేస్తాయి. ఉగ్గాని బజ్జికి కూడా అదే అని నా నమ్మకం, కాకపోతే ఉగ్గాని పొద్దున తినేది, ఆ పూట బార్ తెరవం, కాబట్టి రుజువు చేసే అవకాశం రాలేదు.

ఓళిగలు, గులాబ్‌జామ్ దగ్గర వైన్ అడిగితే మామూలు వైన్ ఇవ్వొద్దు. తినే తీపి కంటే వైన్ తియ్యగా ఉండాలి, లేకపోతే పుల్లటి కషాయంలా తగులుతుంది. లేట్ హార్వెస్ట్ అని రాసి ఉండే డెజర్ట్ వైన్ ఉంటే చిన్న గ్లాసులో ఇవ్వండి, లేకపోతే కాఫీ చెప్పండి.

మన దేశపు వైన్ చెబితే తక్కువగా చూస్తారా?

చూసేవాళ్లు చూస్తారు. కానీ గ్లాసు వైన్‌కు నేను మన దేశానివే ముందు పెడతా. నాసిక్‌లో సులా 1999లో మొదలైంది. సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి ఉంది. హంపి హిల్స్ నుంచి కృష్మా వస్తుంది. నంది హిల్స్ దగ్గర గ్రోవర్ వాళ్ల తోటలు మనకు బెంగళూరు దారిలోనే. "సార్, ఇది నంది కొండల కింద పండింది, మీరు రేపు పోయేది ఆ పక్కనుంచే" అని చెప్పి చూడండి, ఫ్రాన్స్ పేరు చెప్పినదానికంటే ఎక్కువ ఆసక్తిగా వింటారు. బయటి దేశాల వాటికి సుంకాల బరువు ఉంటుంది, అంత డబ్బు పెట్టి తెరిచిన బాటిల్ ఐదు గ్లాసులు పోకపోతే మనకే నష్టం.

మన అనంతపురం ద్రాక్షతో వైన్ చేయరా?

మన దగ్గర పండేది ఎక్కువగా తినే ద్రాక్ష. అది పెద్దగా, పలచటి తొక్కతో, చాలా రకాల్లో గింజలు లేకుండా ఉంటుంది. వైన్ ద్రాక్ష చిన్నది, తొక్క మందం, గింజలుంటాయి, కోసేనాటికి చక్కెర ఎక్కువ. రంగూ వగరూ ఆ తొక్కలోనివే. ఇంకో ముచ్చట, ఐరోపాలో ద్రాక్ష కోతలు ఆగస్టు, అక్టోబరు మధ్య ఉంటే మన దేశంలో వానలు తప్పించుకుని ఎండాకాలం ముందర, ఫిబ్రవరి, మార్చి ప్రాంతాల్లో ఎక్కువగా కోస్తారు.

రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో ఇవ్వాలంటారు కదా?

ఎవరి రూమ్? ఆ మాట పుట్టినచోట గది వేడి 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో మన స్టోర్ రూమ్ సంగతి మీకు తెలుసు, బయట 40 దాటి ఉంటుంది. ఆ వేడిలో ఉన్న రెడ్ పోస్తే ఆల్కహాల్ ఘాటు ముక్కుకు కొడుతుంది తప్ప ఇంకేమీ తెలియదు. రెడ్‌ను కూడా ఫ్రిజ్‌లోనే పెట్టి, పోసే ముందు ఒక పావుగంట బయట ఉంచండి. వైట్, రోజే 8 నుంచి 12 డిగ్రీల మధ్య, స్పార్క్లింగ్ ఇంకా చల్లగా, 6 నుంచి 8.

అర్జెంటుగా చల్లబరచాలంటే బకెట్‌లో ఐస్ ఒక్కటే వేయొద్దు, సగం ఐస్ సగం నీళ్లు పోసి గుప్పెడు ఉప్పు వేయండి. ఐస్ ముక్కల మధ్య గాలి ఉంటుంది, నీళ్లు మాత్రం బాటిల్ చుట్టూ అంటుకుంటాయి, ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది. గెస్టు గ్లాసులో ఐస్ అడిగితే చిన్న గిన్నెలో పక్కన పెట్టండి. వేసుకుంటే వేసుకోనీ, డబ్బులు ఆయనవి.

తెరిచిన బాటిల్ ఎన్ని రోజులు ఉంటుంది?

గ్లాసు వైన్ పరువంతా ఇక్కడే ఉంది. వైట్, రోజే మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు బాగుంటాయి, కొన్ని ఐదు రోజుల దాకా లాగుతాయి. రెడ్ కూడా దాదాపు అంతే, దాన్నీ ఫ్రిజ్‌లోనే పెట్టాలి. స్పార్క్లింగ్‌కు ప్రత్యేకమైన బిరడా ఉంటే మర్నాటికి, లేకపోతే ఆ రాత్రికే. గాలి తగిలేకొద్దీ పండు వాసన పోయి, కోసి ఉంచిన యాపిల్ నల్లబడినప్పటి వాసన వస్తుంది, తర్వాత వెనిగర్ దారి పడుతుంది. గాలి లాగేసే పంపు మూతలు కొంత మేలు. ఆర్గాన్ గ్యాస్ పంపి, కార్క్ తీయకుండా సూదితో వైన్ తీసే కొరావిన్ లాంటి పరికరాలు ఇంకా మేలు, ఖరీదు మాత్రం మన మేనేజర్ వింటే కుర్చీలోంచి లేస్తాడు.

ఏ పరికరమూ లేకపోయినా ఒక పని చేయొచ్చు. బాటిల్ తెరిచిన తేదీ, టైము చిన్న స్టిక్కర్ మీద రాసి అంటించండి. నేను వెనకటికి పనిచేసిన ఒకచోట ఈ అలవాటు లేదు, ఎనిమిది రోజుల కిందటి రెడ్ నా చేతులతోనే పోశా. ఆ గెస్టు ఒక గుటక తాగి, ఏమీ అనకుండా గ్లాసు పక్కకు జరిపి, బిల్లు కట్టి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పుడు నేను సాయంత్రం షిఫ్ట్ మొదలయ్యేటప్పుడు తెరిచి ఉన్న ప్రతి బాటిల్ ఒక చెంచాడు రుచి చూస్తా, అనుమానం ఉంటే వంటింటికి పంపిస్తా. గెస్టు "ఎప్పుడు తెరిచారు?" అని అడిగితే నిజం చెప్పండి. నిన్నటిదైతే నిన్నటిది అనండి, కావాలంటే కొత్తది తెరుస్తామనండి.

ఎంత పోయాలి? "అర గ్లాసే పోశారేంది" అంటున్నారు.

150 మిల్లీలీటర్లు. పెగ్ మెజర్‌తో 60, 60, 30, అంతే లెక్క. మొదటి నెల కొలిచే పోయండి, కంటి లెక్క తర్వాత వస్తుంది. చేతివాటం వల్ల గ్లాసుకు 30 ఎక్కువ పడితే ఐదు గ్లాసుల బాటిల్ నాలుగుకే అయిపోతుంది. అర గ్లాసు గొడవకు ఒకటే మందు, గెస్టు ముందే బాటిల్ చూపించి, మెజర్‌తో పోయడం. ఖాళీ ఎందుకంటే వాసన నిలవడానికని చెప్పండి, గ్లాసును కాడ దగ్గర పట్టుకుని తిప్పి చూడమనండి, సరదా పడతారు.

పెగ్గుతో పోలిస్తే కిక్ ఎంత?

ఇట్లాగే అడుగుతారు, సిగ్గుపడకుండా లెక్క చెప్పండి. 13 శాతం వైన్ 150 మిల్లీలీటర్లలో అసలు ఆల్కహాల్ 19.5 మిల్లీలీటర్లు. 42.8 శాతం విస్కీ 60 పెగ్‌లో దాదాపు 25.7. 5 శాతం బీరు పెద్ద సీసా, అంటే 650 మిల్లీలీటర్లలో 32.5. కాబట్టి వైన్ "జ్యూస్ లాంటిది" అని ఎవరికీ చెప్పొద్దు, ముఖ్యంగా మొదటిసారి తాగేవాళ్లకు.

గుండెకు మంచిదంట కదా?

ఆ మాట చెప్పి అమ్మొద్దు. ఇంత వరకు తాగితే సురక్షితం అనే హద్దేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. రుచి కోసం తాగేవాళ్లకు రుచి చెప్పి అమ్మండి.

ధర ఎట్లా పెట్టాలి, ఎట్లా చెప్పాలి?

చాలాచోట్ల నడిచే లెక్క ఏమిటంటే, బాటిల్ మనకు ఎంతకు పడిందో దాదాపు అంతకు ఒక గ్లాసు. ఒక్క గ్లాసు పోతే బాటిల్ ఖర్చు వచ్చేస్తుంది, మిగతా నాలుగు పారబోసినా చేతినుంచి పోదు. మన ఊరి గిరాకీకి అది కొంచెం ఎక్కువే అనిపిస్తుంది నాకు, ధర తగ్గించి రోజుకు ఒక బాటిల్ ఖాళీ అయ్యేలా చూసుకోవడం మేలు, వైన్ కూడా తాజాగా ఉంటుంది.

టేబుల్ దగ్గర ధర గట్టిగా చదవొద్దు. పిల్లనిచ్చిన మామను తీసుకొచ్చిన అల్లుడున్నాడనుకోండి, అందరి ముందు "ఇది తక్కువది సార్" అంటే అతని పరువేంగాను? మెనూ కార్డు మీద వేలు పెట్టి "ఇట్లాంటిది చూద్దామా సార్" అనండి, అర్థమైపోతుంది.

గెస్టు "బాలేదు" అంటే?

ముందు గ్లాసు తీసుకుని వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె, పాత న్యూస్‌పేపర్ వాసన వస్తే కార్క్ చెడిపోయిందని అర్థం, ఆ బాటిల్ మొత్తం పక్కన పెట్టేయండి. వైన్ బాగానే ఉండి ఆయనకు నచ్చకపోయినా మార్చండి, వాదన వద్దు. అసలు పోయకముందే 30 మిల్లీలీటర్లు రుచి చూపిస్తే ఈ గొడవే రాదు. ఓనర్లకు ఇది దుబారాగా కనిపిస్తుంది, కానీ వెనక్కొచ్చే ఫుల్ గ్లాసు కంటే ఆ 30 చవక.

శాకాహారులు తాగొచ్చా?

ద్రాక్షే కానీ, తేట చేయడానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాల ప్రొటీన్, చేప నుంచి తీసిన జెలటిన్ వాడతారు, ఇంకొందరు బెంటొనైట్ అనే మట్టితోనే పని కానిస్తారు. పట్టింపు ఉన్నవాళ్లు అడిగితే లేబుల్ చూసి చెప్పండి, ఊహించి చెప్పొద్దు.

ఎప్పుడు వద్దని చెప్పాలి?

మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు ఇవ్వకూడదు, అనుమానం వస్తే ఆధార్ అడగండి, వాళ్ల నాన్న పక్కనే ఉన్నా సరే. మాట తడబడేవాళ్లకు ఇంకో గ్లాసు వద్దు, భోజనం తొందరగా పెట్టేయండి. డ్రైవ్ చేసేదెవరో టేబుల్ మీద మాటల్లోనే తెలుస్తుంది, ఆ మనిషికి అడక్కుండానే నిమ్మకాయ సోడా పెట్టండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, బెంగళూరు హైవే బయటే ఉంది. ఏవైనా మాత్రలు వాడుతున్నామని చెబితే వైన్ మాట అక్కడితో ఆపేయండి, మనం డాక్టర్లం కాదు.

గ్లాసు లెక్కన ఎన్ని రకాలు పెట్టుకోవాలి?

మనకు నాలుగు చాలు: కొంచెం తీపి ఉన్న షెనిన్, పులుపు ఉన్న సావిన్యాన్ బ్లాంక్, ఒక రోజే, ఒక షిరాజ్. స్పార్క్లింగ్ శనివారం, ఆదివారం తెరవండి చాలు. దాని లేబుల్ మీద బ్రూట్ అని ఉంటే తీపి చాలా తక్కువని గుర్తు.

కొరియా గెస్టులకు తేడాగా ఏమైనా చేయాలా?

పోసేటప్పుడు రెండు చేతులూ పెట్టండి, టేబుల్లో పెద్దాయనకు ముందు పోయండి. తమ గ్లాసు తామే నింపుకోవడం వాళ్లలో అలవాటు లేదు, ఒకరికొకరు పోసుకుంటారు, కాబట్టి బాటిల్ తీసుకుంటే మీరు అడుగడుగునా దూరిపోకండి. కారం వాళ్లకు మనకన్నా తక్కువేం కాదు, కారం తగ్గించమని మీరే వంటింట్లో చెప్పేయొద్దు. ఇక సోజు, అంటే వాళ్ల దేశపు మందు, ఉందా అని తప్పకుండా అడుగుతారు. లేదని చెప్పి షెనిన్ బాగా చల్లగా ఒక గుటక పోసి చూపించండి, మా దగ్గర పదిసార్లలో ఆరుసార్లు అదే ఖాయమవుతుంది, మిగతా నాలుగుసార్లు బీరు అంటారు.